పెద్ద క్లబ్‌కు వెళ్లాక గోల్స్ ఆగిపోయిన స్ట్రైకర్: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ ఫుట్‌బాల్ ఆటగాడు ఒప్పుకున్నాడు. దేశం, లీగ్, క్లబ్బుల పేర్లు చెప్పను. అంకెల్ని కూడా గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొద్దిగా అటూ ఇటూ మార్చాను. వాటి మధ్య పోలిక మాత్రం చెడకుండా చూసుకున్నాను.

నేను క్లబ్ ఉద్యోగిని కాను. కొందరు ఆటగాళ్లు సొంత ఖర్చుతో పెట్టుకునే పెర్ఫార్మెన్స్ కోచ్‌ని. వీడియో విశ్లేషణ, ట్రైనింగ్ లోడ్ (శరీరం మీద పడే మొత్తం శ్రమ) రెండూ చూస్తాను. ఈ కేసులో నా తొందరపాటు వల్ల ఆటగాడు నాలుగు వారాలు మైదానానికి దూరమయ్యాడు. అది ఎలా జరిగిందో ఇంకొకరికి ఉపయోగపడాలనే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

అతనికి అప్పటికి 32 ఏళ్లు. కుడికాలి వాటం. మధ్యస్థాయి క్లబ్‌లో ఆరేళ్లు ఆడాడు. చివరి సీజన్‌లో లీగ్‌లో 19 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ అయ్యాక, టైటిల్ కోసం పోరాడే ఒక పెద్ద క్లబ్ అతన్ని మూడేళ్ల ఒప్పందం మీద తీసుకుంది. అతని కెరీర్‌లో అదే పెద్ద ఒప్పందం, బహుశా చివరిది కూడా. ఆ సంగతి అతనికి తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు.

పాత క్లబ్‌లో జట్టంతా అతని చుట్టూ తిరిగేది. పెనాల్టీలు అతనే కొట్టేవాడు. జట్టు వెనక్కి తగ్గి ఆడేది, బంతి దొరకగానే ముందుకు పొడవుగా కొట్టేది. అతను డిఫెండర్ భుజం పక్కనుంచి దూసుకెళ్లి గోల్‌కీపర్‌తో ఒంటరిగా తలపడేవాడు. వారానికి ఒకే మ్యాచ్ ఉండేది.

ఏ సమస్యతో వచ్చాడు

నా దగ్గరికి వచ్చేసరికి కొత్త క్లబ్‌లో లీగ్ మ్యాచ్‌లు 17 అయిపోయాయి, గోల్స్ రెండే. బయట తలా ఒక మాట. క్లబ్ లోపల అందరిదీ ఒకటే మాట: వయసు అయిపోయింది. ఫిట్‌నెస్ విభాగం ఇచ్చిన రిపోర్టు కూడా అదే చెబుతున్నట్టు కనిపించింది. పాత క్లబ్ మ్యాచ్‌లలో అతని అత్యధిక వేగం గంటకు 32.8 కిలోమీటర్లు. కొత్త క్లబ్‌లో 31.1 దాటలేదు. మ్యాచ్‌కు స్ప్రింట్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

మొదటి రోజు అతను చెప్పిన మాట నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది: "బంతి నా దగ్గరికి రావడం లేదు. వచ్చినప్పుడు నేను అక్కడ ఉండటం లేదు." అందులోని రెండో వాక్యాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

అంతకుముందు క్లబ్ చేసి చూసినవి

ట్రైనింగ్ అయ్యాక రోజూ అదనంగా 40 షాట్లు కొట్టించారు. స్ట్రైకర్ గోల్ కొట్టకపోతే షూటింగ్ ప్రాక్టీస్ పెంచడం ఎక్కడైనా మొదట తోచే పని. ఆటగాడికి కూడా కష్టపడుతున్నాననే తృప్తి ఉంటుంది. ఆరు వారాలు అలా చేశాక గురి మారలేదు. గజ్జల్లో నొప్పి మాత్రం మొదలైంది.

క్లబ్ మానసిక నిపుణుడితో కొన్నిసార్లు మాట్లాడించారు. నిద్ర, టెన్షన్ విషయంలో అది నిజంగా సాయపడిందని అతనే చెప్పాడు. గోల్స్ మాత్రం రాలేదు.

నేను చేసిన తప్పు

వేగం లెక్క చూడగానే నాకూ అదే అనిపించింది. కండరాల్లో వేగంగా బిగుసుకునే తంతువులు వయసుతో పాటు తగ్గుతాయి. 30 దాటాక స్ప్రింట్ మీద ఆధారపడే ఆటగాడికి ముందు తగిలే దెబ్బ అదే. కాబట్టి పోయిన వేగాన్ని వీలైనంత తిరిగి తెద్దామనుకున్నాను. వారానికి రెండు అదనపు స్ప్రింట్ సెషన్లు పెట్టాను. 40 మీటర్ల పరుగులు ఆరేసి, మధ్యలో పూర్తి విశ్రాంతి. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంది.

నేను సరిగ్గా లెక్క వేయనిది అతని క్యాలెండర్. కొత్త క్లబ్‌కు లీగ్‌తో పాటు కప్ మ్యాచ్‌లు, ఖండస్థాయి పోటీలు ఉన్నాయి. కొన్ని వారాల్లో ఎనిమిది రోజుల్లో మూడు మ్యాచ్‌లు. దాని మీద అదనపు షాట్లు, వాటి మీద నా స్ప్రింట్లు. పైగా తర్వాత దెబ్బతిన్న ఆ కాలికే మూడేళ్ల క్రితం అతనికి హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరాలు) గాయం అయింది. పాత గాయం, పెరిగిన వయసు, ఈ రెండూ హామ్‌స్ట్రింగ్ మళ్లీ తెగడానికి అందరికీ తెలిసిన ముఖ్య కారణాలు. అవి నాకూ తెలుసు. ఫైల్‌లో రాసి కూడా ఉన్నాయి.

మూడో వారం, ఐదో పరుగు. ముప్పయ్యో మీటర్ దగ్గర అతని అడుగు ఒక్కసారిగా చిన్నదైంది. చెయ్యి తొడ వెనక్కి పోయింది. కింద పడలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ గీత దాకా వెళ్లి, అక్కడ నిలబడి నావైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. తొడ వెనక బయటివైపు ఉండే కండరం, స్ప్రింట్లలో ఎక్కువగా దెబ్బతినేది అదే, కొంత మేర చిరిగిందని స్కాన్‌లో తేలింది. నాలుగు వారాలు.

సెషన్ ఆపేసి ఇంటికి వెళ్లాక, మొదటి రోజే వేయాల్సిన లెక్కలు అప్పుడు వేశాను.

లెక్కలు చెప్పింది

పాత సీజన్ 19 గోల్స్‌లో ఆరు పెనాల్టీలు. పెనాల్టీ అంటే నాలుగింట మూడుసార్లకు కాస్త పైనే గోల్ అయ్యే అవకాశం. కొత్త క్లబ్‌లో పెనాల్టీలు వేరే ఆటగాడివి. అంటే పోల్చాల్సింది 19తో కాదు, 13తో. ఆ 13 గోల్స్‌కు అతను ఆడింది సుమారు 2,900 నిమిషాలు. 90 నిమిషాలకు 0.4 గోల్ పడుతుంది. కొత్త క్లబ్‌లో 17 మ్యాచ్‌లంటున్నారు గానీ, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవి, మధ్యలో తీసేసినవి పోగా ఆడింది 1,080 నిమిషాలు. అంటే 12 పూర్తి మ్యాచ్‌లు. పాత లెక్కన చూసినా అయిదు గోల్స్ రావాలి. వచ్చినవి రెండు. తేడా మూడు గోల్స్. బయట మాత్రం '19 కొట్టినవాడు 2 కొట్టాడు' అనే వినిపిస్తోంది.

తర్వాత ఎక్స్‌జీ చూశాను. ప్రతి షాట్‌కు దూరం, కోణం లాంటివి లెక్కగట్టి గోల్ అయ్యే అవకాశాన్ని చెప్పే కొలత అది. ఆ 1,080 నిమిషాల్లో అతనికి దొరికిన అవకాశాల మొత్తం 2.6. కొట్టినవి రెండు. అంటే దొరికిన అవకాశాల్ని అతను దాదాపు మామూలుగానే వాడుకున్నాడు. గురి తప్పలేదు, అవకాశాలే రాలేదు. ఆరు వారాల పాటు రోజుకు 40 షాట్లు కొట్టించడమంటే జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టయింది.

ఇంకో సంగతి. మ్యాచ్‌కు 0.3 ఎక్స్‌జీ ఉన్న స్ట్రైకర్ వరుసగా ఆరు మ్యాచ్‌లు గోల్ లేకుండా గడిపే అవకాశం సుమారు ఆరింట ఒకటి. తప్పేమీ చేయకపోయినా అలా జరగొచ్చు. అతనికీ అలా ఆరు మ్యాచ్‌లు గడిచాయి, ఆ రాత్రుళ్లు అతను నిద్రపోలేదు.

మలుపు తిప్పిన వీడియో

గాయంతో కూర్చున్న రోజుల్లో అతని మనసు కుదుటపడుతుందని పాత సీజన్‌లోని ఆ 13 గోల్స్ వరుసగా పెట్టి చూపించాను. ఇది కూడా పొరపాటే అయింది. మూడో గోల్‌కే అతని ముఖం వాడిపోయింది. ఏడో గోల్ దగ్గర రిమోట్ అందుకుని ఆపేశాడు. "నన్ను చూడకండి. వాళ్ల డిఫెండర్లు ఎక్కడ నిలబడ్డారో చూడండి" అన్నాడు.

స్క్రీన్ మీద ప్రత్యర్థి డిఫెన్స్ దాదాపు మధ్యగీత దగ్గర ఉంది. వాళ్ల వెనక గోల్ దాకా అంతా ఖాళీ.

మళ్లీ మొదటి నుంచి చూశాం. 13 గోల్స్‌లో తొమ్మిదింట్లో డిఫెన్స్ లైన్ వాళ్ల గోల్‌కు 35 మీటర్ల కంటే దూరంలో ఉంది. కొత్త క్లబ్‌లో అతను కొట్టిన 22 షాట్లు తీశాం. 17 షాట్లప్పుడు ప్రత్యర్థులు పెనాల్టీ బాక్స్‌లోనో, దాని అంచునో గోడ కట్టి ఉన్నారు. పెద్ద క్లబ్ మీద ఆడేటప్పుడు ఎవరైనా అలాగే ఆడతారు. బాక్స్ లోతు 16.5 మీటర్లు. దాన్నిండా మనుషులుంటే పరుగెత్తడానికి దొరికేది మూడు, నాలుగు మీటర్లు.

అప్పుడు వేగం లెక్క వెనకున్న విషయం అర్థమైంది. మనిషి తన పూర్తి వేగాన్ని అందుకోవడానికి 30 మీటర్లయినా కావాలి. అంత దూరం దొరకని మ్యాచ్‌లో ఏ వయసువాడి అత్యధిక వేగమైనా తక్కువే నమోదవుతుంది. పైగా రెండు క్లబ్బులవి వేర్వేరు జీపీఎస్ పరికరాలు. ఒకదాని లెక్కను ఇంకోదానితో నేరుగా పోల్చడమే సరికాదు. గాయం పూర్తిగా మానాక టైమింగ్ గేట్లు (దాటగానే సమయం నమోదు చేసే పరికరాలు) పెట్టి 40 మీటర్లు పరుగెత్తించాను. పాత క్లబ్‌లో ఇలాగే తీసిన సమయానికీ దీనికీ తేడా 0.03 సెకన్లు. ఆ పరీక్షలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గుల్లో అది కలిసిపోతుంది.

అలాగని వయసు ప్రభావం లేదనలేదు. మ్యాచ్ తర్వాత ఉదయాల్లో ఫోర్స్ ప్లేట్ (కాళ్ల బలాన్ని కొలిచే పలక) మీద ఎగిరించి చూస్తే, పాత క్లబ్ రికార్డుల్లో రెండో రోజుకే మామూలు స్థితికి వచ్చేవాడు. ఇప్పుడు మూడో రోజు ఉదయం కూడా ఆరు శాతం తక్కువ. ఒక్క పరుగులో వేగం ఉంది, దాన్నుంచి కోలుకోవడం నెమ్మదించింది. మూడు రోజులకో మ్యాచ్ ఆడే క్లబ్‌లో ఈ తేడా చాలా పెద్దది.

మూడు సెకన్ల ముందు

మొదటి రోజు అతనన్న రెండో వాక్యం, "వచ్చినప్పుడు నేను అక్కడ ఉండటం లేదు", ఇప్పుడు గుర్తొచ్చింది. కొత్త క్లబ్‌లో ఎడమవైపు నుంచి వచ్చిన క్రాసులన్నీ (మైదానం పక్క నుంచి గోల్ ముందుకు వేసే బంతులు) తీసి, బంతి కాలు వదలడానికి మూడు సెకన్ల ముందు ఆపి చూశాం.

పాత క్లబ్‌లో ఎడమ వింగర్‌ది, అంటే ఎడమ అంచున ఆడేవాడిది, ఎడమకాలి వాటం. గీత దాకా పోయి, నేలబారుగా, బలంగా దగ్గరి పోస్ట్ (తనవైపు ఉన్న గోల్ స్తంభం) వైపు కొట్టేవాడు. మన స్ట్రైకర్ ఆరేళ్లు అక్కడికే పరుగెత్తాడు. అది ఇక ఆలోచన అక్కర్లేని అలవాటు. కొత్త క్లబ్‌లో ఎడమ వింగర్‌ది కుడికాలి వాటం. అతను లోపలికి తిరిగి, గోల్ వైపు వంపు తిరిగే క్రాస్ వేస్తాడు. ఆ బంతి డిఫెండర్ల తలల మీదుగా దూరపు పోస్ట్ దగ్గర దిగుతుంది. పద్నాలుగో క్లిప్‌లో స్పష్టంగా కనిపించింది: మన ఆటగాడు దగ్గరి పోస్ట్ దగ్గర చెయ్యి ఎత్తి నిలబడ్డాడు, బంతి అతని మీదుగా వెళ్లి దూరపు పోస్ట్ పక్కన ఎవరూ లేని చోట నేలను తాకింది. అతను ఆ క్లిప్‌ను నాలుగుసార్లు చూశాడు.

మరో అలవాటు కూడా బయటపడింది. బంతి తగలక విసుగెత్తి, పది నిమిషాలకోసారి మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోయేవాడు. పాస్ అందుకుని, పక్కకు ఇచ్చి, తిరిగి బాక్స్‌కు వచ్చేసరికి క్రాస్ అయిపోయేది. గోల్స్ ఆగిన స్ట్రైకర్లలో ఇది నేను చాలాసార్లు చూశాను. బంతి తాకితే మనసుకు కొంత ఊరట, అంతే. ఆ ఊరట కోసం గోల్ ముందు ఉండాల్సిన మనిషి అక్కడ లేకుండా పోతున్నాడు. దానికి తోడు కోచ్ ముందు వరుస నుంచే ప్రెసింగ్ చేయమంటాడు, అంటే బంతి ఉన్న ప్రత్యర్థుల వెంటపడమంటాడు. గంట సేపు అలా వెంటపడ్డాక, అవకాశం దొరికే వేళకు కాళ్లు బరువెక్కి ఉండేవి.

ఏది పని చేసింది

ముందుగా లోడ్. నా రెండు సెషన్లు తీసేశాను. స్ప్రింట్లను మొత్తానికి మానలేదు, ఎందుకంటే పూర్తి వేగం అలవాటు తప్పిన హామ్‌స్ట్రింగ్ మ్యాచ్‌లో ఒక్కసారి సాగినప్పుడు ఇంకా ప్రమాదం. వారానికి ఒక్కరోజు, శరీరం తేలిగ్గా ఉన్నప్పుడు, రెండు మూడు పరుగులు మాత్రమే పెట్టాం. తొడ వెనక కండరానికి నార్డిక్ వ్యాయామం (మోకాళ్ల మీద ఉండి శరీరాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చేది) కొద్దికొద్దిగా కొనసాగించాం. అదనపు 40 షాట్లు పూర్తిగా ఆపించాను. దీనికి క్లబ్ ఒప్పుకోవడం కష్టమైంది. గోల్స్ రాని ఆటగాడు ట్రైనింగ్ తగ్గిస్తే బద్ధకమనుకుంటారు. ఎగిరే పరీక్ష అంకెలు చూపించాకే ఒప్పుకున్నారు.

ఆ సమయాన్ని వింగర్‌తో పనికి వాడాం. వారానికి రెండుసార్లు, పావుగంట, 12 బంతులు. నియమం ఒకటే: వింగర్ బంతిని లోపలికి తిప్పి తల దించిన క్షణం కదలిక మొదలవ్వాలి. ముందు దగ్గరి పోస్ట్ వైపు రెండు అడుగులు, డిఫెండర్ కదలగానే అతని వీపు వెనక నుంచి దూరపు పోస్ట్‌కు. డిఫెండర్ బంతినీ మనిషినీ ఒకేసారి చూడలేడు. ఆరేళ్ల అలవాటును పూర్తిగా తుడిచేయడం 32 ఏళ్ల వయసులో కుదరదనిపించి, దాన్నే డిఫెండర్‌ను మభ్యపెట్టే మొదటి కదలికగా మార్చాం. అతనికి బాగా నచ్చిన భాగం ఇదే. తనకు తెలిసిన పరుగు వృథా కాలేదు కదా.

ఇక అన్నిటికన్నా కష్టమైంది బెంచ్, అంటే మొదటి నుంచి కాక సబ్‌స్టిట్యూట్‌గా దిగడానికి ఒప్పుకోవడం. ప్రత్యర్థులు అలసిన చివరి 25, 30 నిమిషాల్లో గోడలో ఖాళీలు తెరుచుకుంటాయి. అప్పుడు తాజా కాళ్లతో దిగితే మూడు మీటర్ల పరుగులు పదునుగా ఉంటాయి, మూడు రోజుల్లో కోలుకోవడమూ తేలికే. అయిదుగురు సబ్‌స్టిట్యూట్లను అనుమతించే నియమం 2022లో శాశ్వతమయ్యాక కోచ్‌లకు ఇది ఇంకా సులువైంది. డిఫెన్స్‌ను ముందుకు తెచ్చి ఆడే జట్ల మీద మాత్రం మొదటి నుంచి దింపాలని కోరాం.

"అంటే నా పని అయిపోయిందని మీరూ అంటున్నారా?" అని అడిగాడు. నేను 2006 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చివరి అరగంట పెట్టాను. 34 ఏళ్ల హెన్రిక్ లార్సన్ 61వ నిమిషంలో బార్సిలోనా తరఫున దిగాడు. ఆర్సెనల్ అప్పటికి చాలాసేపటి నుంచి పదిమందితో ఆడుతోంది. శామ్యూల్ ఎటో కొట్టిన గోల్‌కు, బెల్లెట్టి కొట్టిన గోల్‌కు, రెండింటికీ ఆఖరి పాస్ లార్సన్‌దే. బార్సిలోనా 2-1తో గెలిచింది. టెడ్డీ షెరింగామ్ కూడా 31 ఏళ్లకు, 1997లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లినవాడే. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో బెంచ్ నుంచి వచ్చి సమం చేసిన గోల్ కొట్టాడు. అదే వయసు దగ్గర్లో, 2006లో మిలాన్ నుంచి చెల్సీకి వెళ్లిన షెవ్‌చెంకోకు మొదటి సీజన్ లీగ్‌లో నాలుగు గోల్సే వచ్చాయి. అతను ఏడాదిలో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్‌ను 2004లో గెలిచిన మనిషి. ముగ్గురి గురించీ మాట్లాడుకున్నాం. వారం తర్వాత ఆటగాడే స్వయంగా కోచ్ దగ్గరికి వెళ్లి బెంచ్ నుంచి దిగుతానని చెప్పాడు. నేను చెప్పి ఉంటే అది నిలబడేది కాదు.

ఫలితం

ఆ సీజన్ మిగిలిన 15 లీగ్ మ్యాచ్‌లలో సుమారు 520 నిమిషాలు ఆడాడు. అయిదు గోల్స్. ఎక్స్‌జీ 3.1, అంటే కొంత అదృష్టం కూడా కలిసొచ్చింది. నాకు గోల్స్ కన్నా ఆ 3.1 ముఖ్యం. సగం నిమిషాల్లో అంతకుముందు కంటే ఎక్కువ అవకాశాలు వచ్చాయి. అయిదు గోల్స్‌లో రెండు దూరపు పోస్ట్ దగ్గరివే. హామ్‌స్ట్రింగ్ మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. తర్వాతి సీజన్‌లో ఏడు గోల్స్ వచ్చాయి. 19 మళ్లీ రాలేదు. వస్తాయని నేనెప్పుడూ అతనికి చెప్పలేదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

30 దాటిన ఆటగాడి విషయంలో 'వయసు' అనే మాట చాలా తొందరగా నోటికొస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాకపోవడమే దానితో చిక్కు. ఇక్కడ వయసు కోలుకునే సమయాన్ని పెంచింది, కొత్త అలవాటును నెమ్మదింపజేసింది. అవకాశాల్ని తగ్గించింది మాత్రం మారిన ఆట తీరు. ఈ రెండూ విడదీసి చూసేదాకా ఇప్పుడు ఏ ట్రైనింగూ మొదలుపెట్టను. పెనాల్టీలు తీసేసి, నిమిషాలకు సరిచూసి, అవకాశాలెన్నో లెక్కగట్టడానికి ఒక సాయంత్రం చాలు. ఆ సాయంత్రం నేను ముందే కూర్చుని ఉంటే అతని కండరం చిరిగేది కాదు.

కొత్తగా ఏదైనా కలపాలంటే ముందు ఏది తీసేస్తున్నానో ఫైల్‌లో రాస్తాను. తీసేయడానికి ఏమీ లేకపోతే కలపను. పాత గోల్స్ వీడియోలను ధైర్యం చెప్పడానికి వాడటం మానేశాను. అందులో ఆటగాడు తను పోగొట్టుకున్నదాన్నే చూస్తాడు. చూపించాల్సి వస్తే ఒక ప్రశ్నతో చూపిస్తాను: ఇక్కడ ఎవరెవరు ఎక్కడున్నారు?

తర్వాత

మూడేళ్ల ఒప్పందంలో రెండేళ్లు పూర్తయ్యాక పెద్ద క్లబ్ అతన్ని వెళ్లనిచ్చింది. ఇద్దరికీ అదే మంచిదనిపించింది. మూడు క్లబ్బులు అడిగాయి. సంతకం పెట్టకముందు అతను నాకు ఫోన్ చేశాడు. జీతం గురించో, ఎన్ని మ్యాచ్‌లు దొరుకుతాయనో అడుగుతాడనుకున్నాను. మూడు జట్లలోనూ వింగర్లు వేసిన చివరి 40 క్రాసుల చొప్పున వీడియోలు పంపమన్నాడు. పంపాను. రెండు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది: "రెండో క్లబ్. ఎడమవైపు కుర్రాడిది ఎడమకాలి వాటం. తల దించి దగ్గరి పోస్ట్‌కే కొడుతున్నాడు."